దుబారాకి బ్రేకు

మా ఇంట్లో నాకు మాట ముందు తెలిసింది, అర్థం తరవాత తెలిసింది. "దుబారా వచ్చాడు, తలుపు తియ్యి" అని అమ్మ అనేది. తలుపు తీస్తే ఎదురుగా మామయ్య ఉండేవాడు. అందుకని చాలా రోజులు అది మామయ్య పేరే అనుకున్నాను. కాస్త పెద్దయ్యాక, కుళాయి కట్టకపోతే దుబారా అన్నారు, కంచంలో అన్నం వదిలేస్తే దుబారా అన్నారు, పగటిపూట లైటు వేస్తే దుబారా అన్నారు. లోకంలో మామయ్యలాంటివి చాలా ఉన్నాయన్నమాట అనుకున్నాను.

మామయ్య అమ్మకి తమ్ముడు. ఇళ్లకు రంగులేస్తాడు. అతని చొక్కా చూసి ఆ మధ్య ఏ ఇళ్లలో పని చేశాడో చెప్పెయ్యొచ్చు. చొక్కా మీద పడింది పోగా మిగిలింది గోడకి వేస్తాడని అత్తయ్య అంటుంది. బ్రష్‌లు ఒక ఇంట్లో, గరుకు కాగితాలు ఇంకో ఇంట్లో, నిచ్చెన మూడో ఇంట్లో మర్చిపోయి వస్తాడు. దారిలో ఎవరైనా చిరునామా అడిగితే చెప్పి ఊరుకోడు, వాళ్లతో పాటు ఆ ఇంటిదాకా నడుస్తాడు, వాళ్లు లోపలికి పిలిస్తే వెళ్లి కూర్చుంటాడు. టీ కొట్టుకి వెళ్తే అక్కడ ఎంతమంది నిలబడి ఉంటే అన్ని టీలు చెప్తాడు. వాళ్లలో సగం మందికి అతనెవరో తెలియదు.

అన్నిటికన్నా పెద్ద దుబారా రంగు కలపడంలో. ఒక గదికి రంగు కలపమంటే గదిన్నరకి కలుపుతాడు. మిగిలినదాన్ని వీధిలో పంచుతాడు. ఇస్త్రీ ఆవిడ తలుపు, సైకిల్ షాపు బల్ల, ఎవరిదో కుక్క పడుకునే పెట్టె, అన్నీ అలా రంగు పడ్డవే. మా వీధిలో కిటికీలు చూస్తూ నడిస్తే డబ్బున్నవాళ్ల పడగ్గదులు ఏ రంగులో ఉన్నాయో తెలిసిపోతుంది. పంచగా ఇంకా మిగిలినవి డబ్బాల్లో అత్తయ్య ఇంటికి చేరతాయి.

అత్తయ్య ఇంట్లోనే మిషను మీద దిండు గలేబులూ పరదాలూ కుడుతుంది. ఆ మిషను కింద, మంచం కింద, మెట్ల కింద డబ్బాలే. "ఏమయ్యా, నేను కుట్టేటప్పుడు నా కాళ్లెక్కడ పెట్టుకోవాలో చెప్పు. ఈ ఇంట్లో ముందు వచ్చింది నేనా, డబ్బాలా?" అంటుంది. మామయ్య ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టి, "రెండూ దాదాపు ఒకేసారి" అంటాడు.

ఇక నా సంగతి. నేను ఏ పనిలోనూ నిలవలేదు. మందుల షాపులో మానేశాను, అచ్చు ప్రెస్సులో మాన్పించారు. పాత సామాన్ల కొట్లో తూకానికి అమ్మే పుస్తకాలు తెచ్చుకుని చదువుతాను. అందుకని లోకం నాకు అన్యాయం చేసిందని నాకు ఖచ్చితంగా తెలుసు, ఏ అన్యాయమో మాత్రం ఇంకా ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ పుస్తకాల్లో మొదలూ చివరా చిరిగిన ఒక నిఘంటువు ఉంది. అదృష్టవశాత్తు 'ద' మిగిలింది. ఒకరోజు అమ్మకి చదివి వినిపించాను.

"దుబారా. వృథా ఖర్చు. ఉన్నదాన్ని లెక్కాపత్రం లేకుండా వెదజల్లడం. అదుపు లేని బతుకు."

అమ్మ తల ఎత్తకుండానే అంది. "మొదటిది కుళాయి. రెండోది మా తమ్ముడు. మూడోది నువ్వు."

ఆ నిఘంటువు మళ్లీ ఆవిడ ముందు తెరవలేదు.

ఇలా ఉండగా అత్తయ్య తమ్ముడు ఒక కుర్చీ తయారుచేశాడు. అతనికి సరుకుల గోడౌన్ ఉంది. దాని గేటు దగ్గర కాపలాకి మనిషి కావాలి. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేవడమే. ఎదురుగా గోడ, పక్కన గోడ, రెండింటికీ రంగు లేదు. ఆ కుర్చీలో దుబారా చెయ్యడానికి ఏమీ ఉండదు కనక అదే మామయ్యకి తగిన చోటని అత్తయ్యా అమ్మా తేల్చారు. మామయ్య ఒకసారి వెళ్లి ఆ కుర్చీలో కూర్చుని చూసి వచ్చాడు. ఆ రోజంతా ఎవరికీ టీ చెప్పలేదు. 

తరవాత అత్తయ్యతో ఒకే ఒక మాట అన్నాడు. "ఆసుపత్రి పని ఒకటి వచ్చింది. అది చేసి చూపిస్తాను. అది చెడితే నువ్వు కూర్చోమన్నచోట కూర్చుంటాను."

ఆ ఆసుపత్రికి చాలా భవనాలున్నాయి. వాటి మరమ్మతులన్నీ ఒక కాంట్రాక్టరు చూస్తాడు. ఒక పొడవాటి వరండా ఇచ్చి, అది నచ్చితే ఏడాది పొడుగునా పని ఇస్తానన్నాడు. మామయ్య పేరు అతను ముందే విన్నాడు, పేరంటే ఆ పేరే. "ఇదిగో పెయింటరూ, ఇచ్చిన రంగులో పని అవ్వాలి. ఇంకో డబ్బా కావాలని నా దగ్గరికొస్తే ఆ రోజే లెక్క చూసుకుని వెళ్లిపోవడం" అన్నాడట.

అందుకని అమ్మ నన్ను బ్రేకుగా పంపింది. "నువ్వు రంగు వెయ్యక్కర్లేదు. వాడు చెయ్యి ఎత్తితే పట్టుకో, చాలు" అంది. నాకిది మొదటిసారి నా తెలివికి తగిన ఉద్యోగంలా అనిపించింది. పని ఆపడం తప్ప నేను జీవితంలో వేరే చేసిందీ లేదు.

పని పద్ధతి ఇలా ఉంటుంది. కాంట్రాక్టరు తెల్లరంగు ఇస్తాడు, ఒక సీసాలో చిక్కటి పచ్చరంగు ఇస్తాడు. రెండూ చేత్తో కలిపి లేత ఆకుపచ్చ చేసుకోవాలి. చేత్తో కలిపిన రంగు రెండోసారి కలిపితే అదే రాదు, ఎక్కడో తేడా పడి గోడ మీద అతుకులా కనిపిస్తుంది. అందుకని మొత్తానికి కావాల్సింది ఒకే డ్రమ్ములో ఒకేసారి కలిపేస్తారు.

నేను సుద్దముక్కతో నేల మీద లెక్క వేశాను. గోడ పొడవుని ఎత్తుతో హెచ్చవేశాను, తలుపులు తీసేశాను, కిటికీలు తీసేశాను. ఒక్కో కిటికీ తీసేస్తుంటే లోకంలో దుబారా అంతా నా చేతుల మీదుగా తగ్గిపోతున్నట్టు అనిపించింది. ఒక డబ్బా ఎంత గోడకి సరిపోతుందో డబ్బా మీదే రాసి ఉంది. అచ్చులో ఉన్నదంతా నమ్మడం నాకు అలవాటు.

మామయ్య డ్రమ్ము పక్కన గొంతుక్కూర్చుని కర్రతో తిప్పుతున్నాడు. "ఇంకో డబ్బా పొయ్యరా అల్లుడూ."

"అక్కర్లేదు మామయ్యా. లెక్క సరిపోయింది."

"లెక్కకి సరిపోయింది. గోడకో?"

"గోడ లెక్కలోనే ఉంది."

"కొత్తగా పూత పూసిన చోట గోడ తాగుతుందిరా."

"నీకు అందరూ తాగేవాళ్లలాగే కనిపిస్తారు."

మామయ్య గట్టిగా నవ్వాడు. నవ్వు కూడా కాస్త ఎక్కువే కలుపుతాడు. "నిజం చెప్పాలంటే నాకూ తెలీదురా ఎంత పడుతుందో. ఏనాడూ తెలీదు. డబ్బా అడుగు కనిపిస్తే నాకు భయం, అంతే. సరే, బ్రేకు వేశావుగా, ఆపేద్దాం" అని కర్ర తీసి డ్రమ్ము అంచుకి తుడిచాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. మిగిలిన తెల్లరంగు డబ్బాలు మూతలు బిగించి, నేనే మోసుకెళ్లి కాంట్రాక్టరుకి అప్పగించాను. అతను తాళాల గుత్తి వేలికి తిప్పుతూ నన్ను ఎగాదిగా చూశాడు. "రంగు వెనక్కి తెచ్చిన పెయింటర్ని ఇన్నేళ్లలో చూడలేదయ్యా" అన్నాడు. నేను పెయింటర్ని కాదనాల్సింది. అనలేదు.

మామయ్యకి నిచ్చెన అటూ ఇటూ తిప్పడం విసుగు. అందుకని ముందు వరండా పొడుగునా పైభాగం అంతా వేసేసి, ఆ తరవాత నడుం ఎత్తు నుంచి కిందికి వేస్తాడు. పైభాగం రెండో కోటింగు కూడా అయింది. చివరి సగంలో, నీళ్ల పైపు కారి గోడంతా కొత్తగా పూత పూసినచోట, రంగు వేసినచోటే మళ్లీ వెయ్యాల్సి వచ్చింది. గోడ నిజంగానే తాగింది. నాలాంటి మర్యాదస్తుడి లెక్కలో తాగుబోతు గోడలు లేవు. మధ్యాహ్నం దాటాక మామయ్య రోలరు ముంచితే డ్రమ్ములోంచి తడి చప్పుడు కాకుండా ఎండు చప్పుడు వచ్చింది.

ఇద్దరం తొంగి చూశాం. అడుగు కనిపించింది. పైన అంతా చల్లటి ఆకుపచ్చ, నడుం నుంచి కిందికి వట్టి తెల్ల ప్రైమరు. వరండా మొత్తం లాగు వేసుకోవడం మర్చిపోయిన మనిషిలా నిలబడి ఉంది.

"నీళ్లు పోసి పల్చగా లాగేద్దాం" అన్నాను. డ్రమ్ము గోడలకి అంటుకున్నది గీకి, నీళ్లు పోసి ఒక జానెడు వేసి చూశాడు మామయ్య. గోడకి జబ్బు చేసినట్టుంది. ఆసుపత్రి కాబట్టి ఎవరైనా వచ్చి నాడి చూస్తారేమో అనిపించింది.

"కాంట్రాక్టర్ని అడిగితే? నేనేగా డబ్బాలు వెనక్కిచ్చాను, ఉంటాయి."

"అడగొచ్చు. అడిగాక నేను కుర్చీలో కూర్చోవచ్చు. అయినా ఆ ఆకుపచ్చ మళ్లీ రాదు" అన్నాడు మామయ్య. తిట్టలేదు. తిడితే నాకు కోపం తెచ్చుకునే అవకాశం ఉండేది. అది కూడా ఇవ్వలేదు. మనిషి జీవితంలో ఒక్కసారి పొదుపు చేస్తే అది నా మీద చెయ్యాలా.

మర్నాడు మధ్యాహ్నం కాంట్రాక్టరు చూడ్డానికి వస్తాడు. చీకటి పడకముందే ఇంటికి చేరాం. అత్తయ్య మిషను మీద ఉంది, డబ్బాల మధ్య ఒక కాలు మాత్రమే తొక్కుడు మీద పెట్టి.

"రంగు అయిపోయింది" అన్నాడు మామయ్య.

అత్తయ్య మిషను ఆపింది. "ఎవరికి?"

"నాకే."

"నీకు రంగు అయిపోయిందా?"

"చాలలేదు."

అత్తయ్య అతని మొహం చూసింది, నా మొహం చూసింది, నా మొహంలో జవాబు దొరికింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. సూదిలోంచి దారం జారిపోయింది, ఒళ్లో పరదా కిందపడింది. "పెళ్లైనప్పటి నుంచి ఈ మాట వినాలని చూస్తున్నాను. తీరా విన్నరోజు కొంప ముంచే పని అయ్యింది" అని కళ్లు తుడుచుకుంది.

"రేపు మీ తమ్ముడికి కబురు పెట్టు, వస్తానని" అన్నాడు మామయ్య. ఆ మాటకి ఆవిడ నవ్వు ఆగింది. కుర్చీ ఎంచి పెట్టింది ఆవిడే. కానీ ఆ క్షణంలో దాంట్లో మామయ్య కూర్చున్నట్టు ఆవిడకి కనిపించి ఉంటుంది. మిషను చక్రం మీద నుంచి చెయ్యి తీసింది. తరవాత కింద ఉన్న డబ్బాని కాలితో ముందుకి తోసింది.

"ఇవి పట్టుకెళ్లి పొయ్యండి. నా కాళ్లకి చోటన్నా వస్తుంది."

"అవన్నీ రకరకాల రంగులే" అన్నాడు మామయ్య.

"కలిపితే ఒకటే రంగు."

"ఏ రంగు వస్తుందో?"

"వచ్చిన రంగు. పైన పచ్చగా ఉంటే కింద కూడా పచ్చగానే ఉండాలని ఎవరన్నారు? నేను పరదాకి కింద వేరే గుడ్డతో పట్టీ వెయ్యట్లేదా? పైగుడ్డ చాలకపోతేనే వేస్తాను. కొనేవాళ్లు అదే అందం అంటారు."

మామయ్య మంచం కిందికి దూరాడు.

డబ్బాలన్నీ బయటికి లాగాం. నూనె రంగులు నీళ్ల రంగుల్లో కలవవు కనక వాసన చూసి వేరు చేశాడు. మిగతావాటి మూతలు తీస్తే కొన్నిట్లో పైన చర్మంలా గడ్డకట్టింది. దాన్ని చీల్చి, కింద ఉన్నదాన్ని అత్తయ్య ఇచ్చిన పాత పరదా గుడ్డలోంచి వడకట్టాం. కంపు చెప్పలేను. మామయ్య మాత్రం ఒక్కో డబ్బా వంచుతూ పేర్లు చదువుతున్నాడు. "ఇది డాక్టరుగారి మెట్లు. ఇది పళ్ల కొట్టాయన కొత్త గది, కూతురు నీలం కావాలంటే ఆయన పసుపు కావాలన్నాడు, రెండూ కలిపాను, ఇద్దరూ మాట్లాడ్డం మానేశారు. ఇది బడి. ఇది లాయరుగారి పడగ్గది, ఆవిడకి నచ్చలేదు." అతను ఇన్నాళ్లూ బతికిందంతా డ్రమ్ములోకి జారిపోతోంది. పారబోసిందంతా పోయిందనే మేం అనుకున్నాం.

చివర్లో ఒక చిన్న డబ్బా. అత్తయ్య చెయ్యి అడ్డంపెట్టింది. "అది వద్దు."

"ఎందుకు? ఇదీ దుబారాయేగా."

"ఉంచమన్నానా."

అది వాళ్లు మొదట కాపురం పెట్టిన అద్దెగదికి వేసిన గులాబీ రంగు. లోపల ఎప్పుడో రాయిలా ఎండిపోయింది, పొయ్యడానికి పనికి రాదు కూడా. అత్తయ్య దాన్ని మళ్లీ మిషను కిందే పెట్టుకుంది.

అన్నీ కలిశాక వచ్చిన రంగుకి నాకు పేరు తెలియదు. నిఘంటువులో లేదు. తడిసిన ఇటుకకీ తోమని రాగి చెంబుకీ మధ్య ఎక్కడో ఉంది. పొద్దున్నే వెళ్లి నడుం ఎత్తులో దారం లాగి గీత కొట్టి, కింద అంతా అదే వేశాం. ఈసారి నేనూ బ్రష్ పట్టాను. ఎంత పడుతుందని అడగలేదు. డ్రమ్ములో ఇంకా కాస్త ఉండగానే వరండా అయిపోయింది. మామయ్య మొహంలో వెలుగు వచ్చింది. మిగిలింది.

కాంట్రాక్టరు వచ్చి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. తాళాలు మోగడం ఆగింది. అది మంచికో చెడుకో మాకు తెలియలేదు. ఒకచోట చెప్పు విప్పి, దాని అడుగున ఉన్న మట్టి కింది పట్టీకి రాసి, కాస్త దూరం వెళ్లి చూశాడు. "మరక కనపడట్లేదే" అన్నాడు. "ఇక్కడ రోగుల్ని తోసే బళ్లు రోజూ గోడకి గీసుకుంటాయి. ఏడాదికోసారి కిందంతా మళ్లీ వేయిస్తున్నాను. పట్టీకి రంగెక్కడిది?"

"ఇంట్లోది సార్" అన్నాడు మామయ్య.

"ఇంట్లోదా? ఈ ఆలోచన ఎవరిది?"

మామయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా అల్లుడిది సార్. చదువుతాడు."

అత్తయ్యది అని చెప్పాల్సింది. నేను తల వంచుకున్నాను. చూసేవాళ్లకి అది వినయంలాగే కనిపించి ఉంటుంది.

"సరే. మిగతా భవనాలూ మీరే చెయ్యండి. ఇదే పట్టీ, ఇదే రంగు. తేడా రాకూడదు."

మామయ్య నోరు తెరిచాడు. నిజం చెప్పేస్తాడని తెలుసు, నిజాన్ని కూడా అడిగినవాడికీ అడగనివాడికీ పంచుతాడు. నేను ముందే "అలాగే సార్" అన్నాను.

గోడౌన్ కుర్చీలో ఇప్పుడు వేరే ఎవరో కూర్చున్నారు. మామయ్య చేతిలో బ్రష్ ఉంది. నా చేతిలో మాత్రం ఆ రంగు మళ్లీ రప్పించే పని పడింది. కొత్త రంగులు తెచ్చి చుక్కలు చుక్కలుగా కలిపి అట్టల మీద పూసి చూశాను. ఇటుక వచ్చింది, చెంబు వచ్చింది, రెండింటి మధ్యా ఉన్నది రాలేదు.

"అదేం షాపులో దొరికే రంగు కాదురా. వీధిలోవాళ్లకి ఇచ్చినవి ఇంకా అటకల మీద ఉంటాయి. అవి కలిపితే వస్తుంది" అన్నాడు మామయ్య.

"అచ్చం అదే వస్తుందా?"

"రెండు భవనాల్ని పక్కపక్కన పెట్టి ఎవడు చూస్తాడ్రా."

"మరి వెళ్లి అడుగు."

"ఇచ్చింది నేను అడగను. నువ్వు ఇవ్వలేదుగా, నువ్వడుగు."

అడగడానికి మొదట ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి నన్ను చూసింది. "మీ మామయ్య ఇచ్చింది సగం ఉంది. ఇస్తాను బాబూ. కానీ తలుపు చూడు, పెచ్చులు లేచిపోయింది. దానికి ఏదో ఒకటి వేసి, ఆ డబ్బా పట్టుకెళ్లు." సైకిల్ షాపతను బల్లతో పాటు బోర్డు కూడా చూపించాడు. కుక్క పెట్టె సంగతి చెప్పడం నాకిష్టం లేదు, కుక్క కూడా దగ్గరుండి చేయించుకుంది. ఒక డబ్బా తిరిగి రావాలంటే ఇంకో డబ్బా వీధిలో పోయాలి. ఆ వచ్చిందీ పోయిందీ లెక్క వెయ్యమని సుద్దముక్క చేతికిచ్చినా ఇప్పుడు నేను వెయ్యను.

ఇస్త్రీ ఆవిడ తలుపు సగం అయ్యేసరికి అమ్మ అటుగా వచ్చింది. నా చొక్కా చూసింది. ఆ చూపు నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును, ఎప్పుడూ నా పక్కన ఉన్న మనిషి మీద పడేది.

"ఈ పని ఎవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"ఎవరిస్తారు డబ్బులు?"

"ఎవరూ ఇవ్వరు."

అమ్మ ఇస్త్రీ ఆవిడ వైపు తిరిగింది. "బ్రేకు వెయ్యమని పంపానమ్మా వీణ్ని" అని అరుగు మీద కూర్చుంది. వీధి చివర మామయ్య టీలు పట్టుకుని వస్తున్నాడు, వెనక ఎవరో ముక్కూమొహం తెలియని ఇద్దరు నవ్వుకుంటూ నడుస్తున్నారు.

"బాబూ, ఎలాగూ వేస్తున్నావు కదా, ఆ కిటికీ కూడా" అంది ఇస్త్రీ ఆవిడ.

డబ్బాలోకి చూశాను. ఒక మూల అడుగు కనిపిస్తోంది. 

"మామయ్యా," అని కేకేశాను, "టీలు అక్కడ పెట్టి ఇంకో డబ్బా పట్టుకురా."